సున్నపు గీత

ఏడాదిలో యాభై ఒక్క వారాలు
మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
టిక్కీ ఎక్కుతుంది, అంకె వణుకుతుంది,
అంకె ఎక్కడ ఆగితే నా మాటా అక్కడే.
కొత్త కాయ దిగకముందు, పుష్యమాసంలో,
మిగిలిన ఆ ఒక్క వారం
బ్రాడీపేట వెనక క్లబ్బు పచ్చిక మీద
తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, అరువు బూట్లు.
లైన్ జడ్జిని.

"మోకాళ్ళ మీద చేతులాన్చి అట్టా వంగితే
ఎవరో పారేసుకున్న రూపాయి
వెతుకుతున్నట్టుంటావు" అంటుంది విశాలాక్షి.
వెతికేది రెండంగుళాల సున్నం.
దానికి అటూ పచ్చే, ఇటూ పచ్చే.

వినాయకుడికి ఇరవై ఒక్క పరకలు పోను
ఊళ్ళో గరికంతా నాగూర్ మీరాదే.
వానాకాలం పొడుగునా చతికిలబడి తుంగ పీకుతాడు.
టోర్నమెంటు రోజుల్లో చీకటుండగానే
మోకు ఒక కొస నా చేతికిస్తాడు,
రెండో కొస తను పట్టుకుంటాడు,
కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి
మంచు దులుపుకుంటూ నడుస్తాం.
ఏం మాట్లాడుకోం.

పుణె నుంచి వస్తారు, కోయంబత్తూరు నుంచి వస్తారు.
ఒకసారి తాష్కెంటు మనిషొకడు
మిరపకాయ బజ్జీ కొరికి
గోలెం దగ్గరే కూలబడ్డాడు.
అందరివీ ఆరొందలో, తొమ్మిదొందలో ర్యాంకులు.
గెలిచినోడికి కూడా
రైలు ఖర్చులు పోను పెద్దగా మిగలదు.
అయినా ప్రతి సర్వుకీ ముందు
బంతిని నేలకి నాలుగుసార్లు కొట్టి చూసుకుంటారు,
ఇంకేదో రావలసి ఉన్నట్టు.

ఎనిమిదేళ్ళ కింద, సెమీఫైనల్.
తెనాలి కుర్రాడు ఎలీషా.
పంతొమ్మిదేళ్ళు, గ్యాంగ్‌మన్ కొడుకు.
మూడో సెట్టు, టైబ్రేకు, ఆరూ ఆరు.
గీత వెంబడే కొట్టాడు.
సరిగ్గా అప్పుడు నా కంట్లో నీరు తిరిగింది.
పదకొండు నెలల కారం ఊరికే పోతుందా.
"అవుట్" అని అరిచాక
చెయ్యి పక్కకి చాచేశాక
చూశాను:
బంతి పడ్డచోట సున్నం
చిటికెడు పొగలా లేచింది.

కుర్చీలో అంపైరు చూడలేదు.
వాడు చూశాడు.
నేను చూశానని కూడా చూశాడు.
బంతి తీసుకుని, తొడకి తుడిచి,
వెనక్కి నడిచాడు.
ఆ తర్వాతి పాయింటూ పోయింది.

యార్డులో అరకిలో తేడా వస్తే
రైతు నా చొక్కా పట్టుకుంటాడు,
మా అమ్మనీ అయ్యనీ తలుచుకుంటాడు,
తూకం మళ్ళీ వేయిస్తాడు.
వీడూ అట్టా అరిచుంటే
ఆ రాత్రి అన్నం సహించేదేమో.

పొద్దుగూకాక టార్చి పట్టుకుపోయాను.
ఎర్రమట్టి కోర్టయితే మచ్చ ఉంటుంది,
అంపైరు దిగొచ్చి వేలెట్టి చూస్తాడు.
ఇక్కడేముంది?
"గరిక గదండీ, లేచిపోయింది" అన్నాడు నాగూర్ మీరా.
కాసేపాగి,
"లేవకపోయినా పొద్దున కోసేసేవాణ్ణే" అన్నాడు.

వచ్చే ఏటి నుంచి గీతలకి కెమెరాలట.
ముల్లు కాటా పోయి అంకెల కాటా వచ్చినప్పుడూ
ఇట్టాగే టీ ఇప్పించి మరీ చెప్పారు.

ఈ ఏడు ఎలీషా మళ్ళీ వచ్చాడు.
మోకాలికి పట్టీ, గడ్డంలో ఒక తెల్ల వెంట్రుక.
మొదటి రౌండే, నా గీతే.
రెండో గేములో అదే దెబ్బ,
అదే మూల, కాస్త నెమ్మదిగా.

లోపల పడ్డ బంతికి మాట ఉండదు.
రెండరచేతులూ నేల వైపు చాపాలి, అంతే.
చాపాను.
వాడు అప్పటికే అటు తిరిగి
తువ్వాలు అడుగుతున్నాడు.
స్కోరు చెప్పారు, ఎవరో ఇద్దరు చప్పట్లు కొట్టారు,
బంతులందించే పిల్లాడు నా ముందునుంచి పరిగెత్తాడు.
నా చేతులు ఇంకా
ఆ గరిక మీదే చాపి ఉన్నాయి.

గట్టు మీంచి నాగూర్ మీరా
గట్టిగా దగ్గాడు.